తనిఖీ

వాగర్‌లో గాలి ఒక్కచోట పుట్టదు.
కొండ అవతల ఒకటి, సరస్సు మీద ఒకటి,
సముద్రం వైపు లోయలోంచి ఇంకొకటి.
మూడూ వచ్చి రన్‌వే మీద కలుసుకుని
ముందెవరు పోవాలో తేలక తగవులాడతాయి.
ఆ మంగళవారం గాలిసంచీ
పడమరకు తిరిగి, దక్షిణానికి తిరిగి,
గాలం మింగిన చేపలా
ఉన్నచోటనే కొట్టుకుంది.

నేను హ్యాంగర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.
కోపెన్‌హాగన్ నుంచి వచ్చే మధ్యాహ్నం విమానం.
అప్పటికే ఒకసారి దిగబోయి, మానుకుని, పైకి పోయింది.
రెండోసారి మబ్బులోంచి బయటపడ్డప్పుడు
ముక్కు ఒక దిక్కు, దారి ఒక దిక్కు,
ఎండ్రకాయ నడకన పక్కపక్కకు వస్తోంది.

ఇరవై అడుగుల ఎత్తులో
గాలి మాట తప్పింది.
అంతదాకా భుజం పట్టి నెట్టినది
ఉన్నట్టుండి చెయ్యి వదిలేసింది.

దిగడం కాదది.
మోసి మోసి విసిగినవాడు
మూటను నేలకేసి కొట్టినట్టు
ఎడమ చక్రాలు, ఆనక కుడివి,
ఆనక చప్పుడు.
అవును, చప్పుడు ఆఖర్న చేరింది నా దాకా.
రేకుల కప్పు మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి.

లోపల నూట ఇరవైమంది.
తర్వాత మెట్ల దగ్గర విన్నాను:
క్లాక్స్‌విక్ హ్యాండ్‌బాల్ ఆడపిల్లలు
ఏడుపో నవ్వో తెలియని గొంతులతో పాట ఎత్తుకున్నారట.
పై అరలోంచి బూట్ల పెట్టె జారి
పాస్టర్‌గారి నెత్తిన పడిందట,
ఆయన నోట వచ్చిన మాట
ఏ ప్రార్థనలోనూ లేనిదట.
చప్పట్లు కూడా కొట్టారు,
ఎవరు మొదలుపెట్టారో ఎవరూ ఒప్పుకోరు.

కెప్టెన్ మార్యున్ అందరూ దిగాక దిగింది.
టోపీ లేదు. జుట్టు నుదుటికి అంటుకుంది.
"ఎంత?" అంది.
"రెండు పాయింట్ ఒకటి."
అంటే ఆ ఒక్క లిప్తపాటు
లోపలున్న ప్రతి మనిషీ
తన నెత్తిన ఇంకొక తనను మోశాడు.
పసిపిల్లలూ మోశారు. పాస్టర్‌గారూ మోశారు.

ఇక నా పని.
టార్చి, చిన్న అద్దం, మేజోళ్ళ దాకా తడిపే వాన.
కుంటిన గుర్రాన్ని తడిమినట్టు
కాళ్ళు, కీళ్ళు, బోల్టు బోల్టూ,
రెక్క మొదట్లో రంగు పెచ్చు లేచిందా,
ఎక్కడైనా నూనె చెమర్చిందా.
పగులు వెంట్రుకంత ఉంటుంది, పిలిస్తే పలకదు.
ఉందనుకుని వెతకాలి,
లేదని సంతకం పెట్టాలి.
ఆ రెంటి మధ్య ముప్పై ఏళ్ళు గడిచాయి నాకు.

ఆమె వెళ్ళిపోలేదు.
కిందికి దూరి నా పక్కన గొంతుక్కూర్చుంది.
"ఇంకోసారి లేపాల్సింది."
"లేపినా గాలి ఇక్కడే ఉండేది."
"ఇది ఓదార్పా, బైనిర్?"
"కాదు. వాతావరణ సమాచారం."
నవ్వబోయి మానేసింది.
అరచెయ్యి తీసుకెళ్ళి ఎడమ కాలికి ఆనించింది.
వణుకు దానిదో ఈమెదో
చూస్తున్న నాకు తెలియలేదు.

"మా మైకినెస్ రేవులో
మెట్టురాయికి పడవ కొట్టుకున్నప్పుడల్లా
నాన్న ముందు పడవను తడిమేవాడు.
తర్వాతే మమ్మల్ని.
మోచెయ్యి చీరుకుపోయి నేను నిలబడి ఉంటే
ఆయన చెక్కకు చెవి పెట్టి వినేవాడు.
ఎంత కోపమొచ్చేదో."

కాసేపు ఇద్దరం వాన విన్నాం.
ఉన్నట్టుండి లేచింది.
"ఆ పిల్లలు ఇంకా లోపలే ఉన్నారా?"
జవాబు వినకుండానే
టెర్మినల్ వైపు దాదాపు పరుగెత్తింది.

లోపలి పిన్ను దగ్గర నా టార్చి ఆగింది.
సన్నగా, నల్లగా, వంకరగా ఒక గీత.
ఊపిరి బిగబట్టి వేలితో తుడిచాను.
ఉన్ని పోగు.
ఆమె స్వెట్టరుదో,
కంచె దూకి వచ్చే గొర్రెలదో.

జేబులో వేసుకుని
మళ్ళీ మొదటి బోల్టు దగ్గరికి పోయాను.